నాదం వెంట దివిసీమ దాకా

బందరు అనగానే అందరికీ లడ్డూ గుర్తుకొస్తుంది. కాస్త చదువుకున్నవారికి కలంకారీ అద్దకం, ఇంకా చదువుకున్నవారికి 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి తెరిచిన వర్తకశాల గుర్తుకొస్తాయి. గుడివాడ అంటే సినిమాల్లో పేరు తెచ్చుకున్నవారి ఊరు. దివిసీమ అంటే ఉప్పెన. కాని ఈ మూడు చోట్లనూ కలిపి, కళ్ళకంటె చెవులకు ఎక్కువ పని చెప్పుతూ తిరిగినవారు తక్కువ. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ పల్లపు భూమిలో వరి ఎంత పండిందో సంగీతమూ అంతే పండింది.

మేము బయలుదేరింది మాత్రం సంగీత పరిశోధనకు కాదు. గుడివాడ మా ఆవిడ పుట్టిల్లు. మా అమ్మాయికి పదకొండేళ్ళు నిండాయి గనుక ఏదైనా వాద్యం నేర్పించాలని ఇంట్లో తీర్మానమైంది. మా అత్తగారి వీణ గుడివాడలో అటకమీద ఉంది. దాన్ని దించి బాగుచేయించి తెచ్చుకుంటే ఖర్చు కలిసివస్తుందని మా ఆవిడ లెక్క. లెక్క అంతా అయిన తరువాత అమ్మాయిని కూడా ఒక మాట అడుగుదామని నాకు తోచింది.

"మృదంగం నేర్చుకుంటాను నాన్నా!" అన్నది అమ్మాయి.

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఆడపిల్ల ఒళ్ళో మృదంగమేమిటండీ, చోద్యం కాకపోతే!" అన్నది చివరికి మా ఆవిడ. నేను ఏ పక్షమూ చేరకుండా ధనుర్మాసంలో నాలుగు రోజులు సెలవు పెట్టాను.

అరుగు ముందుకు వచ్చిన నాలుగు జాతులు

గుడివాడలో ధనుర్మాసపు ఉదయం చూడవలసిందే గాని చెప్పితే తీరేది కాదు. మంచు ఇంకా విడలేదు. వాకిట ముగ్గు ఆరలేదు. తలమీద రాగిపాత్ర, భుజాన తంబుర, చేతిలో చిడతలు, కాళ్ళకు గజ్జెలతో హరిదాసు వచ్చాడు. ఆయన బియ్యం పుచ్చుకుని సందు మలుపు తిరిగాడో లేదో, శంఖం ఊదుకుంటూ గంట వాయించుకుంటూ జంగందేవర వచ్చాడు. ఆ వెనకనే సన్నాయితో, డోలుతో గంగిరెద్దు.

మా బావమరిది ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పుతాడు. సెలవు రోజున కూడా పాఠం చెప్పకపోతే అతనికి కాఫీ దిగదు.

"చూశారా బావగారూ, భరతముని చెప్పిన నాలుగు జాతుల వాద్యాలూ మన అరుగు ముందుకే నడిచివచ్చాయి!" అన్నాడు.

నాట్యశాస్త్రంలో వాద్యాలు నాలుగు విధాలు. తీగ మోగేది తతం. గాలి మోగేది సుషిరం. మూతికి తోలు బిగించినది అవనద్ధం. తీగా, తోలూ, ఊదడమూ ఏమీ లేకుండా వస్తువే మోగేది ఘనం. ఈ లెక్కన హరిదాసు తంబుర తతం. శంఖమూ సన్నాయీ సుషిరాలు. డోలు అవనద్ధం. చిడతలు, గంట, గజ్జెలు ఘనాలు.

"ధ్వని అంటే గాలి వణుకే గదా! చెవిదాకా వచ్చేది అన్ని వాద్యాలలోనూ ఆ వణుకే. అయితే మొట్టమొదట వణికింది ఎవరు? తీగా, గొట్టంలో గాలా, తోలా, లేక ఒళ్ళంతానా? ఈ ఒక్క ప్రశ్న అడిగితే ప్రపంచంలో ఏ వాద్యాన్నయినా దాని ఇంట్లో దాన్ని కూర్చోబెట్టవచ్చు" అన్నాడు బావమరిది.

ఇది ఇంటి గొప్ప చెప్పుకోవడం కాదు. 1876లో కలకత్తాకు చెందిన రాజా శౌరీంద్రమోహన్ టాగూరు బెల్జియం రాజుకు మన దేశపు వాద్యాలను చాలా కానుకగా పంపాడు. అవి బ్రస్సెల్సు సంగీత ప్రదర్శనశాలకు చేరాయి. అక్కడి అధికారి మహియోఁ వాటిని సర్దడానికి కూర్చున్నప్పుడు, యూరపువాళ్ళ పాత విభజనకంటె మన నాలుగు జాతుల విభజనే పనికివచ్చింది. ఆ పునాదిమీదనే 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు పండితులు ప్రపంచ వాద్యాలన్నిటికీ పట్టిక తయారుచేశారు. ఈనాటికీ ప్రదర్శనశాలల్లో చెల్లుతున్నది ఆ పట్టికే. తరువాత విద్యుత్తుతో పలికే వాద్యాలను అయిదో జాతిగా చేర్చుకున్నారు.

మధ్యాహ్నం అటకమీది నుంచి వీణ దిగింది. దుమ్ము దులిపాము. తీగలు తుప్పుపట్టాయి. మెట్లకింది మైనం అక్కడక్కడ ఊడింది. పనసకర్ర కుండ మాత్రం చెక్కుచెదరలేదు. మా అత్తగారు దాన్ని ఒకసారి నిమిరి ఊరుకున్నారు.

బావమరిది ఒక దారం తెచ్చి మా అమ్మాయి చేతికిచ్చాడు. గుర్రం నుంచి మేరువు దాకా దారం కొలిచి సగానికి మడవమన్నాడు. మడత అంచు పన్నెండో మెట్టు దగ్గరికి వచ్చింది. మళ్ళీ సగానికి మడిస్తే ఇరవైనాలుగో మెట్టు, అంటే ఆఖరి మెట్టు. తీగ పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. నాలుగోవంతయితే రెండు స్థాయిలు. వీణకు ఇరవైనాలుగు మెట్లెందుకన్న ప్రశ్నకు జవాబు ఒక దారప్పోగులో ఉంది.

"మరి తీగ ఇంత సన్నం గదా మామయ్యా, అంత చప్పుడు ఎలా చేస్తుంది?" అని అడిగింది అమ్మాయి.

తీగ ఒంటరిగా ఏమీ చేయలేదు. సన్నని తీగ గాలిని కోసుకుని పోతుందే గాని గాలిని కదిలించలేదు. అది తన వణుకును గుర్రానికి అప్పగిస్తే, గుర్రం కుండ మీది పలకకు అప్పగిస్తుంది. వెడల్పయిన పలక గాలిని కదిలిస్తుంది. వీణ గుర్రం పైన ఇత్తడి రేకు కాస్త వంపుగా ఉంటుంది. తీగ ఆ వంపును తాకుతూ విడుస్తూ మోగుతుంది గనుకనే నాదంలో ఆ నిండుదనం వస్తుంది. సర్ సి.వి.రామన్ 1921లోనే దీన్ని గురించి వ్రాశాడు. వెలుగు పరిశోధనకు 1930లో నోబెల్ బహుమతి అందుకున్న ఈ మహానుభావుడు చిన్ననాడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే.

బందరు గాలి

గుడివాడ నుంచి బందరుకు రైలు. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి. ఊరి పేర్లు చదువుకుంటూ పోవడమే ఒక ఆనందం. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారి సుత్తి చప్పుడు కూడా ఘనవాద్యమేనని అమ్మాయి తేల్చింది. చిలకలపూడిలో దిగి పాండురంగస్వామిని చూశాము. మంటపంలో నలుగురు భజన చేస్తున్నారు. తాళాలు, మృదంగం, మధ్యలో హార్మోనియం.

హార్మోనియం ఏ జాతిదో మా ఆవిడ తప్పు చెప్పుతుందని బావమరిది ఆశపడ్డాడు. "మీటలు ఉన్నాయని మోసపోతానా? తిత్తి ఊదుతున్నారుగా, సుషిరమే!" అని ఆమె అనేసింది. నిజమే. లోపల వరసగా ఇత్తడి నాలుకలుంటాయి. తిత్తిగాలి తోసుకువచ్చినప్పుడు మీట నొక్కిన చోట నాలుక ఆడుతుంది. పొడుగు నాలుక మంద్రం, పొట్టి నాలుక తారం. 1840లో పారిస్‌లో దెబాఁ అనే ఆయన దీనికి హక్కు పత్రం తీసుకున్నాడు. మన పద్యనాటకాలకు అది ప్రాణమై కూర్చుంది. అయితే దాని నాలుకలు ఉన్నచోటనే ఉంటాయి. గమకం పలకదు. అందుకే 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. 1971లోగాని ఆ కట్టు సడలలేదు. ఆ ముప్ఫై ఏళ్ళూ మన నాటకాలవాళ్ళు మాత్రం ఏ అనుమతీ అడగకుండా వాయించుకుంటూనే ఉన్నారు.

బందరులో ఒక వీధి అరుగుమీద మృదంగాలు, తబలాలు బిగించే పెద్దాయన కనిపించాడు. వాద్యం ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే కచేరీలో కాదు, ఇలాంటి అరుగుమీద కూర్చోవాలి. ఒక పక్క మేకతోలు, ఆవుతోలు, గేదెతోలు. మరో పక్క చిన్న గిన్నెలో నల్లని ముద్ద. రాతి పొడిని మెత్తగా నూరి అన్నంతో కలిపి చేసినది. దాన్ని కుడి మూత నడుమ పలచగా ఒక పూత పూసి, గుండ్రాయితో రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ పూత పూస్తాడు. ఇలా ఎన్నో పొరలు. తొందరపడితే పగిలిపోతుంది.

ఆ నల్లని బొట్టు అలంకారమని చాలామంది అనుకుంటారు. మామూలు తోలును కొడితే మూల ధ్వనితో పాటు పుట్టే ఉపధ్వనులు ఒకదానితో ఒకటి పొసగవు. డప్పుమీద దెబ్బ వినిపిస్తుంది గాని స్వరం తేలదు. నడుమ బరువు చేరగానే ఆ ఉపధ్వనులు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అనే వరసలోకి వస్తాయి. అంటే తోలు తీగలాగా పలుకుతుంది. రామన్, శివకాళి కుమార్ ఈ సంగతి 1920లో ప్రపంచానికి చెప్పారు. ఈ అరుగుమీది పెద్దాయన తాతముత్తాతలకు అది చేతివేళ్ళతో తెలుసు.

"బందరు గాలే మాకు శత్రువండి బాబుగారూ," అన్నాడాయన. "ఉప్పుగాలి, చెమ్మగాలి. తోలు చెమ్మ తాగి వదులైపోద్ది. శ్రుతి కిందికి జారద్ది. ఎండ వస్తే మళ్ళీ బిగుసుద్ది. డప్పు వాళ్ళకు నయం, గడ్డి మంటేసి చూపిస్తే సరి. మృదంగానికి అట్టా కుదరదు."

సముద్రపు ఒడ్డున ఒక్కొక్క జాతికి ఒక్కొక్క బాధ. తీగకు తుప్పు. తోలుకు చెమ్మ. వేణువుకు ఎండ: గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. పది డిగ్రీల వేడి తేడాకు పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సుమారు మూడోవంతు మారుతుంది. తెల్లవారి కలిపిన శ్రుతి మధ్యాహ్నానికి కలవకపోతే విద్వాంసుణ్ణి తప్పుపట్టకండి.

మా అమ్మాయి ఆ పెద్దాయన పక్కనే చతికిలబడింది. ఆయన బిగించిన మృదంగం ఒకటి ముందు పెట్టి, చూపుడు వేలితో మూత అంచున ఎలా మీటాలో చూపించాడు. 'నం' అని పలికింది. పిల్ల ముఖం వెలిగిపోయింది. మా ఆవిడ వీధిలోకి చూస్తూ నిలబడింది.

"ఆడపిల్లలు వాయిస్తారా తాతా?" అని అమ్మాయే అడిగేసింది.

"తోలుకు తెలవదమ్మా, కొట్టింది ఎవరో!" అన్నాడాయన. బావమరిది అందుకుని, ఏలూరులో పుట్టి తండ్రి దగ్గర మృదంగం నేర్చి, 2021లో పద్మశ్రీ అందుకున్న దండమూడి సుమతి గారి సంగతి చెప్పాడు. మా ఆవిడ విననట్టే ఉంది గాని, ఆవిడ చెవులు నాకు తెలుసు.

లేవబోతూ కూలి ఎంతని అడిగితే పెద్దాయన నవ్వాడు. "వాయించినాయనకు శాలువా కప్పుతారండి. బిగించినోడిని ఎవరూ అడగరు. మీరు కూర్చున్నారు, అదే చాలు." గుడిలోపలికి మృదంగం పోతుంది. దానికి తోలు కోసి, నానబెట్టి, బిగించిన చేతులు చాలాకాలం గుడి బయటనే ఉండిపోయాయి. ఈ మాట సంగీతం పుస్తకాలలో కూడా అరుదుగా కనిపిస్తుంది.

మువ్వల ఊరు

మర్నాడు పామర్రు మీదుగా కూచిపూడి. సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పిల్లలు అడుగులు వేస్తున్నారు. గురువు చేతిలో రెండు తాళాలు. ఒకటి ఇనుము, ఒకటి కంచు. రెండూ ఒకే లోహమైతే ధ్వని కలిసిపోతుంది. వేరువేరైతే దెబ్బ స్పష్టంగా విడిపడుతుంది. కాళ్ళకు గజ్జెలు: ప్రతి మువ్వలోనూ ఒక చిన్న గుండు. వందల మువ్వలు ఒకేసారి మోగాలంటే పాదం తాళంలో పడాలి. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి ఆడుతుంది. ఆ పళ్ళేన్నీ మా అమ్మాయి ఘనవాద్యాల జాబితాలో వేసేసింది.

కంచు మోత చిత్రమైనది. దాని ఉపధ్వనులు తీగలాగా వరసలో ఉండవు. అందుకే గంటను ఏ శ్రుతికీ సులువుగా చేర్చలేము. గుడిగంట కొట్టిన తరువాత నాదం అలలు అలలుగా ఊగుతుంది, గమనించారా? పోతపోసిన గంట అన్ని పక్కలా ఒక్కటిగా ఉండదు. కొంచెం తేడాగల రెండు ధ్వనులు పుట్టి, ఒకసారి కలిసి, ఒకసారి ఎడబాసి, ఆ ఊగును కలిగిస్తాయి. లోపమే అందమైన చోటు అది.

పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడు ఇక్కడివాడే. ఇంకా ముందుకు పోతే ఘంటసాల, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం, పెదకళ్ళేపల్లి. పెదకళ్ళేపల్లితో సుసర్ల వారి పేరు ముడిపడి ఉంది. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యుడు శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కావేరి ఒడ్డు విద్య నాలుగు అడుగుల్లో కృష్ణ ఒడ్డుకు వచ్చింది. గాయకుడు ఘంటసాల పుట్టింది మటుకు గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922లో. ఆయన గొంతు ఏ జాతి వాద్యమంటారా? ఊపిరితిత్తులే తిత్తి, స్వరతంత్రులే నాలుకలు, నోరే గొట్టం. లెక్కకు హార్మోనియానికి దగ్గర చుట్టం. కాని గమకం ఉందిగా!

ఏటి చివర

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చేతుల మధ్య పట్టుకుంటుంది. అవనిగడ్డ దాటి, కోడూరు దాటి, హంసలదీవి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇక్కడి దేవుడూ వేణుగోపాలుడే. మొవ్వలోనూ వేణువే, సాగరసంగమంలోనూ వేణువే.

గుడి బయట ఒక కుర్రవాడు కొబ్బరాకును గరాటులాగా చుట్టి, కొస నొక్కి, 'పీ' అని ఊదుతున్నాడు. బావమరిదికి పాఠం దొరికింది. నొక్కిన కొసలో ఆకు పొరలు రెండూ ఒకదానినొకటి తట్టుకుంటూ గాలిని తుంచుతాయి. సన్నాయి పీకా అంతే, నాదస్వరం పీకా అంతే. వేణువుకు పీక ఉండదు. పెదవి నుంచి వచ్చిన గాలి రంధ్రం అంచుకు తగిలి లోపలికీ బయటికీ ఊగిసలాడుతుంది. శంఖంలో మోగేవి ఊదేవాడి పెదవులే. ఒకే గాలికి మూడు దారులు.

గుడి అరుగుమీద ఒక ముసలాయన తాళాలు తుడుచుకుంటున్నాడు. సొట్టపడి ఉన్నాయి. మా అమ్మాయి వాటిని గురించి అడిగితే నింపాదిగా చెప్పాడు.

1977 నవంబరు 19. ఆయనకప్పుడు పాతికేళ్ళ లోపు. తాటిచెట్టెత్తు నీరు వచ్చిందన్నాడు. ఆ రాత్రి పదివేల మంది పోయారని ప్రభుత్వం లెక్క. జనం లెక్క అంతకంటె పెద్దది. వాళ్ళ భజన బృందంలో ఎనిమిదిమంది. మిగిలింది ముగ్గురు. మద్దెల దొరకలేదు. తంబుర దొరకలేదు. హార్మోనియం పెట్టె దొరికింది గాని నాలుకల నిండా బురద. కొన్ని రోజులకు చేను సరిచేస్తూంటే పారకు తగిలి ఖంగుమని మోగాయట ఈ తాళాలు.

"కడిగి కొట్టి చూశానండి. అదే మోత. వాయించినోడు మా అన్న. ఆయన లేడు."

అంతవరకు నోరు మూయని బావమరిది కూడా ఏమీ అనలేదు. తోలు పోతుంది, తీగ పోతుంది, వెదురు పోతుంది. కంచు ఉంటుంది. ఏ శాస్త్రంలోనూ ఇది వాద్యలక్షణంగా వ్రాయలేదు. ముసలాయన తాళాలను అమ్మాయి చేతిలో పెట్టి ఒకసారి మోగించమన్నాడు. మోగించింది. ఆ మోత గాలిలో చాలాసేపు ఊగింది.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "మృదంగం నేర్పేవారు మన పేటలో ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి" అన్నది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం.

అమ్మాయి పాఠం మొదలై మూడో నెల. 'త ధి తొం నం' ఇంటి గోడలకు కూడా వచ్చేసింది. వీణ సంగతి అడుగుతారేమో. దానికి కొత్త తీగలు వేయించాము, మైనం పోయించాము. శుక్రవారం సాయంత్రాలు మా ఆవిడే దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు మానేసిన వర్ణం దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. కూతురు తాళం తప్పుతున్నదని ఆమె, తల్లి కాలం జారుతున్నదని కూతురు రోజూ నా దగ్గరికి ఫిర్యాదుకు వస్తున్నారు.